బొచ్చును రాలే చోటే పట్టుకోవాలి

ప్రశ్న: మాది అనంతపురం. కొన్నేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర రెండు పడకగదుల ఫ్లాటులో ఉంటున్నాం. ఇంట్లో ఒక లాబ్రడార్ కుక్క, ఒక పెర్షియన్ పిల్లి ఉన్నాయి. పొద్దున పొరకతో ఊడ్చి తడిబట్ట పెట్టినా, మధ్యాహ్నానికల్లా మూలల్లో బొచ్చు ఉండలు కట్టి కనిపిస్తోంది. హాల్లో నీలం రంగు వెల్వెట్ సోఫా ఉంది. దాని మీద కూర్చొని లేస్తే బట్టలనిండా బొచ్చే. ముప్పై వేలు పెట్టి రోబో వాక్యూం కొందామని మావారు అంటున్నారు. ఇరవై వేలు దాటకూడదని నేనంటున్నాను. దసరాకు మా అత్తగారు వచ్చి రెండు నెలలు ఉంటారు. ఆవిడకు ఆయాసం ఉంది. ఏ మిషను కొంటే ఈ బాధ తీరుతుందో చెప్పగలరు. — ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీ ఇంటికి ఒక మంచి వాక్యూం క్లీనర్ అవసరమే, అది మీరనుకున్న ఇరవై వేలలోపే వస్తుంది. అయితే ముందుగా కొనవలసింది అది కాదు. నేల మీద, సోఫా మీద మీకు కనిపిస్తున్న బొచ్చంతా కొన్ని గంటల ముందు వరకు ఆ రెండు ప్రాణుల ఒంటి మీద, ఊడిపోవడానికి సిద్ధంగా, వదులుగా ఉన్నదే. దానిని అక్కడే దువ్వెనతో తీసేస్తే ఇంట్లో ఏరుకోవలసిన పని చాలా భాగం తగ్గిపోతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా రాలిన తరవాత ఏరగలదే తప్ప రాలకుండా ఆపలేదు. అందువల్ల మీ డబ్బును మొదట దువ్వెనలకు, తరవాత సోఫా మీద పనికొచ్చే రబ్బరు సామానుకు, ఆ తరవాతే యంత్రానికి కేటాయించమని నా సలహా.

లాబ్రడార్ ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన కనిపించేది కాస్త బిరుసుగా, నీటిని జారవిడిచేదిగా ఉంటుంది, దాని కింద దూది లాంటి మెత్తటి పొర దట్టంగా ఉంటుంది. చలిదేశాలలో పగటి వేళలు పెరిగే, తరిగే కాలాన్ని బట్టి ఈ లోపలి పొర ఏడాదికి రెండుసార్లు ఎక్కువగా రాలుతుంది. బెంగళూరులో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ మధ్య తేడా సుమారు గంటన్నర మాత్రమే. పైగా మన ఇళ్లలో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కాబట్టి ఇక్కడి కుక్కలకు రాలే కాలమంటూ స్పష్టంగా విడిగా ఉండక, ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా రాలుతూనే ఉంటుంది. మీరు చూస్తున్నది జబ్బు కాకపోవచ్చు, ఆ జాతి స్వభావమే కావచ్చు. అయితే ఒంటి మీద ఎక్కడైనా బొచ్చు పూర్తిగా ఊడి చర్మం కనిపిస్తున్నా, ఎర్రబడినా, పొట్టు లేస్తున్నా, కుక్క అదే పనిగా గోక్కుంటున్నా అది దువ్వెనతో తీరే సంగతి కాదు. గోమార్లు, పేలు, ఫంగస్, థైరాయిడ్ లోపం, తిండి పడకపోవడం వంటివన్నీ బొచ్చు ఊడటానికి కారణాలే. మీ దగ్గరలోని పశువైద్యునికి గానీ, హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ ఒకసారి చూపించండి.

కుక్కకు రెండు సాధనాలు చాలు. మొదటిది చేతిలో ఇమిడే రబ్బరు బ్రష్షు, పొట్టి మొద్దు పళ్లు ఉన్నది. దానిని ఒంటి మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దితే లోపల వదులైన బొచ్చు పైకి తేలుతుంది, చర్మానికి మర్దన అయినట్టు ఉండటం వల్ల కుక్కకు కూడా ఇష్టంగానే ఉంటుంది. రెండవది లోపలి పొర కోసం చేసిన ‘రేక్’ (rake), అంటే ఎడం ఎడంగా గుండ్రటి మొనల ఇనుప పళ్లున్న దువ్వెన. దీనిని బొచ్చు వాలిన దిక్కునే, మెడ నుంచి తోక వైపుకు, తొడల వెనక భాగానికి, బరువు పెట్టకుండా లాగాలి. ఫర్మినేటర్ అన్న పేరుతోను, ఆ నమూనాలో ఇతర పేర్లతోను దొరికే సన్నని పళ్ల బ్లేడు ఉంది. అది ఒక్కసారికే గుప్పెళ్లకొద్దీ బొచ్చు తీస్తుంది కాబట్టి చూసినవారికి మహా తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తి కోసమే రోజూ గీకేవారు ఉన్నారు. అలా చేస్తే ఆరోగ్యంగా ఉన్న పై బొచ్చు కూడా తెగుతుంది, చర్మం గీరుకుపోతుంది. దానిని వారానికి ఒకసారి, ఒక్కో చోట నాలుగైదు సార్లు మాత్రమే, తుంటి ఎముక, మోచేతుల వంటి చోట్ల అసలు వాడకుండా ఉంచుకోవచ్చు. లేకపోయినా నష్టం లేదు.

వేసవిలో కుక్కకు గుండు చేయిస్తే బాధ వదులుతుందని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. ఆ రెండు పొరలే దానికి ఎండ నుంచి కాపుదల. గీయించిన తరవాత కొన్ని కుక్కలకు బొచ్చు అతుకులు అతుకులుగా మొలుస్తుంది. పైగా రాలడం ఆగదు, పొట్టిగా సూదుల్లా రాలి సోఫా నేతలోకి ఇంకా లోతుగా దిగబడుతుంది.

పిల్లి సంగతి వేరు. పెర్షియన్ బొచ్చు పొడవైనది, పట్టులా సన్ననిది. కుక్కకు వాడే రేక్ దీని మీద పనికిరాదు. వెడల్పు పళ్లు ఒక వైపు, సన్న పళ్లు ఒక వైపు ఉన్న స్టీలు దువ్వెన ఒకటి, సన్నని వంపు తీగల పళ్లుండే మెత్తటి స్లికర్ బ్రష్షు ఒకటి తీసుకోండి. దువ్వడం ఎప్పుడూ చివళ్ల నుంచి మొదలుపెట్టి క్రమంగా మొదళ్ల వైపు రావాలి, చిక్కుపడిన ఆడపిల్ల జడను అమ్మ విడదీసినట్టే. చెవుల వెనక, ముందు కాళ్ల చంకలు, పొట్ట, ఈ మూడు చోట్లా ఉండలు కడతాయి. గట్టిపడిన ఉండను కత్తెరతో కత్తిరించబోతే పిల్లి పలుచని చర్మం కూడా కత్తెరలోకి వస్తుంది, అది చాలా తరచుగా జరిగే గాయం. వేళ్లతో విడదీయడానికి ప్రయత్నించి, రాకపోతే గ్రూమింగ్ తెలిసినవారి చేత ట్రిమ్మరుతో తీయించండి. రోజూ దువ్వితే పిల్లి నాకి మింగే బొచ్చు కూడా తగ్గి, ఉండలు కక్కుకోవడం తగ్గుతుంది.

ఈ పని బాల్కనీలో చేస్తారేమో, ఒక్క మాట. గాలికి ఆ బొచ్చు కింది అంతస్తువారి ఆరేసిన బట్టల మీదికి పోతుంది, అపార్టుమెంట్లలో కుక్కలున్నవారి మీద వచ్చే ఫిర్యాదులలో ఇది ఒకటి. ఫ్యాను ఆపేసి, స్నానాలగదిలో నేల కాస్త తడిపి దువ్వండి. బొచ్చు తడి నేలకు అంటుకొని ఎగరదు, చేత్తో ఉండగా చుట్టి కాగితంలో పెట్టి చెత్తబుట్టలో వేయవచ్చు. నీళ్లు పోసి తూములోకి తోయవద్దు. తూము మీద సన్నకన్నాల స్టీలు జాలి ఒకటి వేసి ఉంచితే ప్లంబరు ఖర్చు తప్పుతుంది. కుక్కకు స్నానం మూడు నాలుగు వారాలకు ఒకసారి, కుక్కల షాంపూతోనే చేయించండి. స్నానానికి ముందొకసారి, ఒళ్లు పూర్తిగా ఆరాక మరొకసారి దువ్వితే, ఆ రోజు రాలేది ఇంట్లో కాకుండా మీ చేతిలోనే రాలుతుంది.

ఇక సోఫా. మీ ఇంట్లో అన్నిటికంటె కష్టమైన వస్తువు ఇదే. వెల్వెట్ పేరుతో ఈ రోజుల్లో వచ్చేది చాలావరకు పాలియెస్టరు. రాపిడికి దానిలో స్థిరవిద్యుత్తు పుట్టి బొచ్చును పట్టి ఉంచుతుంది. జనవరి నుంచి మార్చి దాకా బెంగళూరు గాలి బాగా పొడిగా ఉండే రోజుల్లో ఈ బాధ మరింత ఎక్కువ. కుక్క బొచ్చు పొట్టిగా, బిరుసుగా ఉండటం వల్ల వెల్వెట్ నూగులోకి నిలువుగా గుచ్చుకుంటుంది. పిల్లి బొచ్చు పైన పొరలా పరుచుకుంటుంది. మామూలు వాక్యూం నాజిల్ ఈ రెండవదాన్ని లాగుతుంది కానీ మొదటిదాని మీద జారిపోతుంది. గుచ్చుకున్నదాన్ని ముందు కదిలించాలి, ఆ తరవాతే లాగాలి.

కదిలించడానికి రబ్బరును మించినది లేదు. గిన్నెలు కడగడానికి అమ్మే రబ్బరు చేతితొడుగులు కిరాణా కొట్టులోనే వంద, రెండు వందల మధ్య దొరుకుతాయి. తొడుక్కొని, నీళ్లలో ముంచి, బాగా విదిలించి, అంటే తడిగా కాక చెమ్మగా మాత్రమే ఉండేట్టు చూసుకొని, సోఫా మీద ఒకే దిక్కులో మీ వైపుకు లాగండి. అటూ ఇటూ రుద్దవద్దు. జానెడు దూరం లాగేసరికి బొచ్చు దారంలా చుట్టుకొని ముందుకు వస్తుంది, ఇంకో రెండు లాగుళ్లకు అది వత్తిలా అవుతుంది, వేళ్లతో ఎత్తి పారేయవచ్చు. ముందుగా సోఫా వెనక వైపు కనిపించని చోట ఒకసారి చేసి చూడండి, ఎందుకంటే కొన్ని వెల్వెట్ల మీద చెమ్మ మరకగా మిగులుతుంది. అలా మిగిలితే పొడి తొడుగుతోనే చేయండి, కాస్త ఎక్కువసేపు పడుతుంది. అద్దాలు తుడిచే రబ్బరు వైపరు కూడా ఇదే పని పెద్ద ఎత్తున చేస్తుంది. డోర్‌మ్యాట్ల మీద, కారు సీట్ల మీద, డిక్కీలోని మందపాటి గుడ్డ మీద దానికి సాటి లేదు. కొందరు అంగళ్లలో నురగరాయి లాంటి రాళ్లు బొచ్చు తీయడానికని అమ్ముతారు. అవి వెల్వెట్ నూగును గీకి పాడుచేస్తాయి, మీ ఇంటికి వద్దు.

జిగురు కాగితాల రోలరు బయటికి వెళ్లే ముందు బట్టల మీద ఒకసారి దొర్లించుకోవడానికి చాలా బాగుంటుంది, గుమ్మం దగ్గర ఒకటి ఉంచుకోండి. దానితో సోఫా శుభ్రం చేయాలంటే కట్టలకొద్దీ కాగితాలు ఖర్చవుతాయి. పట్టుచీరల మీద మాత్రం వాడకండి, జరీ పోగులు జిగురుకు లేస్తాయి. వాటికి కోటు బ్రష్షు అని దొరికే, ఒకే దిక్కున నూగు వాలి ఉండే వెల్వెట్ బ్రష్షు మేలు.

శుభ్రం చేయడం కంటె కప్పి ఉంచడం సులువు. గట్టి నేత నూలు దుప్పటి ఒకటి సోఫా మీద పరిచి, చివర్లు లోపలికి దోపి, వారానికి రెండుసార్లు మార్చండి. బిగువైన నేతలోకి బొచ్చు దిగదు, దులిపితే పోతుంది. హాల్లో నూగు కార్పెట్ ఏదైనా ఉంటే దాన్ని చుట్టి అటక మీద పెట్టి, జంపఖానా పరుచుకోండి. ఆ దుప్పట్లను, కుక్క పరుపు గలేబును నేరుగా వాషింగ్ మిషనులో వేయకూడదు. తడిసిన బొచ్చు డ్రమ్ముకు, మిగతా బట్టలకు అంటుకొని, నీళ్లు పోయే దారిలో ఫిల్టరును మూసేస్తుంది. ముందు రబ్బరు తొడుగుతో లాగి, స్నానాలగదిలోనే దులిపి, విడిగా ఎక్కువ నీటితో ఉతకండి. మీ ఇంట్లో బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు విడిగా ఉంటే ఉతకడానికి ముందు పది నిమిషాలు వేడి గాలికి తిప్పితే చాలా బొచ్చు విడిపోయి జాలిలో చేరుతుంది. ముందు తలుపున్న మిషనైతే తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతను ఉతికిన ప్రతిసారీ తుడవాలి, కింద ఉండే పంపు ఫిల్టరును నెలకొకసారి విప్పి చూడాలి.

నేల ఊడ్చే పద్ధతి కూడా మారాలి. గడ్డి చీపురుతో ఊడిస్తే బొచ్చులో సగం గాలిలోకి లేచి, ఊడ్చిన అరగంటకు మళ్లీ నేల మీదికి దిగుతుంది. మధ్యాహ్నానికి మీకు కనిపిస్తున్న ఉండలలో కొన్ని పొద్దున లేచినవే. ఫ్యాన్లు ఆపి, బల్లపరుపు మైక్రోఫైబర్ మాప్‌ను పొడిగానే నెమ్మదిగా తోస్తే టైల్సు మీద బొచ్చంతా దాని అంచుకు చేరుతుంది, ఆ తరవాత తడి మాప్ పెట్టాలి. ఇంటి పనికి వచ్చే ఆమెకు ఈ తేడా ఒకసారి మీరే చేసి చూపించండి, ఆమెకు కూడా పని తగ్గుతుంది. నేల తుడిచే నీళ్లలో ఫినాయిల్ మాత్రం వేయవద్దని తప్పకుండా చెప్పండి. ఫినాలు జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నేల మీద నడిచిన పాదాలను అది నాక్కుంటుంది. టీ ట్రీ నూనె వంటి సువాసన నూనెలకు కూడా ఇదే వర్తిస్తుంది. కాస్త గిన్నెల సబ్బు ద్రవం కలిపిన నీళ్లు చాలు.

ఇప్పుడు యంత్రం. మీవారు చెప్పిన రోబోను నేను తీసిపారేయడం లేదు. నున్నటి టైల్సు ఉన్న ఇంట్లో, రోజూ పైపైన పడే బొచ్చును మంచాల కింద నుంచి ఏరడంలో అది నిజంగా ఉపయోగపడుతుంది. కానీ అది సోఫా ఎక్కదు, తలుపుల వెనక మూలలను సరిగా అందుకోదు. దాని చెత్తడబ్బా చిన్నది, లాబ్రడార్ ఉన్న ఇంట్లో తరచుగా ఖాళీ చేయాల్సి వస్తుంది. పెర్షియన్ బొచ్చు దాని బ్రష్షు ఇరుసులకు చుట్టుకుంటే కత్తెర పట్టుకొని కూర్చోవాలి. కుక్క ఎప్పుడైనా ఇంట్లో మలవిసర్జన చేసిందంటే, మీరు లేని సమయంలో అది దాన్ని ఇల్లంతా పులిమేసే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో అన్నిటికంటె కష్టమైనది సోఫా కనుక, మొదటి యంత్రం రోబో కాకూడదు.

మీకు కావలసినది చేతితో నడిపే వాక్యూం. దానితోపాటు సొంత మోటారుతో తిరిగే చిన్న బ్రష్షు తల తప్పక ఉండాలి. గాలి ఊపుకే తిరిగే టర్బో బ్రష్షు కూడా అంగట్లో ఉంటుంది, చూడటానికి రెండూ ఒకటే. కానీ సోఫా మీద కాస్త నొక్కితే టర్బో బ్రష్షు ఆగిపోతుంది. దుకాణంలో చూసేటప్పుడు, నడుస్తున్న బ్రష్షును అక్కడి ఏదైనా గుడ్డ సోఫా మీద నొక్కి చూపించమనండి, ఆ ఒక్క పరీక్ష చాలు తేడా తెలియడానికి. బ్రష్షులో కుచ్చులతోపాటు రబ్బరు రెక్కలు ఉంటే పిల్లి బొచ్చు తక్కువగా చుట్టుకుంటుంది. రోలరు పనిముట్లు లేకుండా చేత్తో ఊడదీసే వీలుండాలి. టైల్సు మీద మాత్రం గట్టి కుచ్చుల రోలరు బొచ్చును వెనక్కి చిమ్ముతుంది కాబట్టి, మెత్తటి రోలరు గానీ, తిరగని వెడల్పు నాజిల్ గానీ అదనంగా ఉందేమో చూడండి.

పెట్టె మీద వాట్ల సంఖ్యను చూసి కొనకండి. వాట్లు ఆ మిషను తినే కరెంటును చెబుతాయి, లాగే శక్తిని కాదు. ఐరోపా సమాఖ్య 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటిన వాక్యూం క్లీనర్లను అమ్మకానికి రానివ్వడం లేదు, అయినా అక్కడి ఇళ్లలో కార్పెట్లు శుభ్రంగానే ఉంటున్నాయి. మన ఇళ్లలో మామూలు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, అంటే 1,380 వాట్ల వరకే. 1,600 వాట్ల మిషనును గీజరుకు పెట్టే పెద్ద సాకెట్టుకే తగిలించాలి, అది హాల్లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. అపార్టుమెంటు జనరేటరు మీద ఉన్నప్పుడు ఆ బరువు పడక కరెంటు పోవచ్చు కూడా. వైరు లేని మిషన్లు సోఫా మీద, మెట్ల మీద హాయిగా ఉంటాయి కానీ పూర్తి వేగంలో బ్యాటరీ పది పదిహేను నిమిషాలకు మించి రాకపోవడం మామూలే, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి కూడా. మీ బడ్జెట్లో, రెండు ప్రాణులున్న ఇంటికి, మోటారు బ్రష్షు ఉన్న వైరు మిషనుకే నా ఓటు. దానికి పన్నెండు నుంచి పదిహేను వేలు పెట్టుకొని, దువ్వెనలకు, తొడుగులకు, మాప్‌కు రెండు వేలు పక్కన పెట్టండి.

మీ అత్తగారి ఆయాసం దృష్ట్యా ఫిల్టరు విషయంలో మాత్రం రాజీ పడవద్దు. అలర్జీ తెప్పించేది చాలావరకు వెంట్రుక కాదు. పిల్లి లాలాజలంలోను, చర్మపు జిడ్డులోను ఉండే ఫెల్ డి 1 అనే ప్రొటీను, ఆ జిడ్డు అంటిన సన్నని చర్మపు పొట్టు, ఇవి గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. నాసిరకం వాక్యూం ముందు నుంచి బొచ్చు లాగి, వెనక నుంచి ఈ పొట్టును గదంతా ఊదుతుంది. అందుకే పెట్టె మీద హెపా హెచ్13 (HEPA H13) అని స్పష్టంగా ఉందో లేదో చూడండి. ఆ తరగతి ఫిల్టరు, పట్టుకోవడానికి అతి కష్టమైన పరిమాణంలోని కణాలలో కూడా 99.95 శాతాన్ని ఆపాలి. 'హెపా తరహా' అని రాసి ఉంటే అది ఈ లెక్కలోకి రాదు. చెత్తడబ్బా లేని, సంచి పెట్టే మిషను దొరికితే ఇంకా మంచిది, ఖాళీ చేసేటప్పుడు దుమ్ము లేవదు. ఉతకదగిన స్పాంజి ఫిల్టరును ఉతికితే పూర్తిగా ఆరనివ్వండి, మన వానాకాలంలో అందుకు రెండు రోజులు పట్టవచ్చు. తడిగా పెడితే బూజు వాసన వస్తుంది.

ఆవిడ ఉండబోయే గదిలోకి ఈ రోజు నుంచే పిల్లినీ కుక్కనూ రానివ్వకండి. పిల్లి అలర్జీ కారకం అది వెళ్లిపోయాక కూడా నెలల తరబడి పరుపులో, కర్టెన్లలో నిలిచి ఉంటుంది కాబట్టి, వచ్చే ముందు రోజు గది సర్దితే సరిపోదు. కర్టెన్లు ఉతికించి, పరుపుకు, దిండ్లకు బిగువైన నేత గలేబులు తొడిగి, గోడలు, ఫ్యాను రెక్కలు తడిబట్టతో తుడిపించండి. వాక్యూం ఎప్పుడూ ఆవిడ వేరే గదిలో ఉన్నప్పుడు, కిటికీలు తెరిచి నడపండి, దువ్వే పని కూడా ఆవిడకు దూరంగా జరగాలి. ఆవిడ వాడే ఇన్‌హేలరు మందులు రెండు నెలలకు సరిపడా తెచ్చుకోమని చెప్పి, బయలుదేరే ముందు ఇంట్లో పిల్లి ఉన్న సంగతి ఆవిడ డాక్టరుగారికి చెప్పించండి. ఇన్ని చేసినా ఆయాసం పెరిగితే ఆలస్యం చేయకుండా ఇక్కడి ఊపిరితిత్తుల నిపుణునికి చూపించండి.

దసరాకు ఇంకా సమయం ఉంది కనుక ఈ వారం దువ్వెనలు, రబ్బరు తొడుగులు మాత్రమే కొని, రోజూ కుక్కకు పది నిమిషాలు, పిల్లికి ఐదు నిమిషాలు కేటాయించి చూడండి. మూడు వారాల తరవాత సోఫా మీద, మూలల్లో ఎంత మిగులుతోందో చూసుకొని అప్పుడు మిషను దుకాణానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు దువ్వగా వచ్చిన బొచ్చు కాస్త ఒక కవరులో పట్టుకెళ్లి, వారి సోఫా గుడ్డ మీద రుద్ది, మిషనుతో తీసి చూపించమని అడగండి.